నాలుగో మైకు

గురువారం చర్చి ఊడ్చే వంతు పాటలమ్మది. వంతు అన్న మాటే గానీ ఏడాది పొడుగునా గురువారాలన్నీ ఆమెవే. మిగిలిన ఆడవాళ్ళకు సరిగ్గా ఆ రోజే నడుం పట్టేస్తుంది, ఇంటికి ఎవరో వస్తారు, పిల్లలకు ఒళ్ళు వెచ్చబడుతుంది. పాటలమ్మ ఇంటికి వచ్చేవాళ్ళు లేరు, పిల్లలు లేరు, నడుం పట్టినా చెప్పుకునే మనిషి లేదు. అందుకని చీపురు ఆమె చేతిలో ఖాయమైపోయింది. ఆమెకు అదేమీ కష్టంగా ఉండేది కాదు. ఎవరూ లేని చర్చిలో ఊడుస్తూ, ఆదివారం పాడబోయే కీర్తనలు ఒక్కొక్కటే గొంతులో తిప్పుకోవచ్చు.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆమె దుప్పట్లు కుట్టే ఆసుపత్రి హాజరు పుస్తకంలో తప్ప దాన్ని ఇంకెవరూ వాడరు. పంతొమ్మిదో ఏట వేదిక ఎడమ పక్కన నిలబడి పాట ఎత్తుకుంది, ఇప్పటికి నలభై మూడేళ్ళయింది, ఆ చోటు వదల్లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పెళ్ళయ్యాక ఈ పాటలు మానాలని మాట వరసకు అంటే, మీ సంబంధమే మానేద్దాం అని లేచి లోపలికి వెళ్ళిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొంతు దేవుడికిచ్చేసింది. ఇచ్చేసినదాంట్లోంచి చిటికెడు తీసి ఇంకొకరికి పెట్టడం ఆమెకు చేతకాదు. తమ్ముడి కూతుర్ని ఎత్తుకుని ఆడించినప్పుడు కూడా జోలపాట బదులు కీర్తనే పాడింది.

ఆ గురువారం బెంచీలు తుడవడం అయ్యాక ఆమె కన్ను మూలనున్న మైకుల పెట్టె మీద పడింది. దాని మీద కప్పిన గుడ్డ ఆమె కుట్టిందే. ఆసుపత్రిలో పారేయబోతున్న దుప్పటి అడిగి తెచ్చి, నాలుగు మూలలా సాగే నాడా వేసి, పెట్టె కొలతకు సరిగ్గా కుట్టింది. దాని మీద దుమ్ము పేరుకుని రంగు మారిపోయింది. పెట్టెను ఎవరూ ముట్టుకోకూడదని మైకాయన గట్టి ఆజ్ఞ. మైకాయనంటే వీధి చివర ఫాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టు మనిషి, ఆదివారాలు ఈ పెట్టె దగ్గర కూర్చునేది ఆయనే. ముట్టుకోవద్దన్నది పెట్టెను గానీ గుడ్డను కాదు కదా అనుకుని, పాటలమ్మ నాడాలు తప్పించి గుడ్డ తీసింది.

పెట్టె నిండా పైకీ కిందికీ జరిగే మీటలున్నాయి. ఒక్కో మీట కింద తెల్ల కాగితం ముక్క, దాని మీద నీలం సిరాతో రాత. ఒకటి అయ్యగారు. రెండు కీబోర్డు. మూడు లీడరు. లీడరంటే ఆమె మేనకోడలే. నాలుగు పాటలమ్మ. తన పేరు అక్కడ కనిపించగానే ఆమెకు ఏదో గొప్పగా అనిపించి ఇంకాస్త వంగింది. మిగతా మీటలన్నీ సగం దాకా పైకున్నాయి. నాలుగోది అట్టడుగున ఉంది. అది కదలకుండా దాని మీద అడ్డంగా నల్ల టేపు అంటించి ఉంది. టేపు పక్కన అదే నీలం సిరాతో ‘తెరవొద్దు’ అని రాసి ఉంది.

చెడిపోయిందేమో, బాగుచేయించమని చెప్పాలి అనుకుంది ముందు. గుడ్డను చంకలో పెట్టుకుని రెండడుగులు వేసింది కూడా. చెడిపోయిన మైకును పారేస్తారు, లేకపోతే మారుస్తారు, దానికి పేరు రాసి తెరవొద్దని చెప్పరు. మళ్ళీ వెనక్కి వచ్చి టేపు అంచును గోటితో కాస్త లేపి చూసింది. ఆసుపత్రి దుప్పట్లకు అంటుకుని వచ్చే పట్టీలు ఆమె రోజూ పీకుతుంది. ఏది నిన్నటిదో, ఏది నెల కిందటిదో జిగురు చూసి చెప్పగలదు. ఈ జిగురు అంచుల్లోంచి కారి, దాని మీద దుమ్ము పట్టి, ఆ దుమ్ము మళ్ళీ గట్టిపడింది. తక్కువలో తక్కువ ఏడాది.

స్పీకర్లు వచ్చి కూడా ఏడాది దాటి ఎంతో కాలేదు. ఆ కొత్తలోనే మైకాయన ఆమెతో, అక్కా మైకుకు బాగా దగ్గరగా నిలబడండి, గొంతు పెద్దది చేయకండి, మెల్లగా పాడితే చాలు మిగతాది మిషన్ చూసుకుంటుంది అన్నాడు. ఆమె అలాగే చేసింది. ఏడాదిగా మైకు ఇనుప జాలీకి పెదాలు ఆనించి, ఎక్కువైతే మిగతావాళ్ళను మింగేస్తుందేమోనని గొంతును అదుపులో పెట్టుకుని, అతి జాగ్రత్తగా పాడింది. ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం ఆయన దగ్గరకు వెళ్ళి, నీ పుణ్యమా అని నా గొంతు చివరి బెంచీ దాకా వెళ్తోంది అని చెప్పేది. ఆయన తీగలు చుట్టుకుంటూ తల ఊపేవాడు.

పాటలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ లేరని తెలిసినా నాలుగు వైపులా చూసింది. గుడ్డ మళ్ళీ కప్పి, నాడాలు సరిచేసి, చీపురు మూల పెట్టి, తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వేదిక ఊడవనే లేదన్న సంగతి వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది గానీ వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు.

•

దుప్పట్ల గది ఆసుపత్రి వెనక భాగంలో, బట్టలుతికే పెద్ద మిషన్ల పక్కన ఉంటుంది. గోడ అవతల అవి రోజంతా దడదడలాడుతూనే ఉంటాయి. శుక్రవారం పొద్దున పాటలమ్మ ముందు ముప్ఫై దుప్పట్లు పెట్టారు. అన్నిటికీ ఒకటే రోగం, మధ్యలో అరిగి జల్లెడైపోయాయి. మనుషులు మధ్యలోనే పడుకుంటారు కాబట్టి అంచులు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి. ఆమె ఒక్కో దుప్పటిని నిలువునా రెండుగా చీల్చి, గట్టిగా ఉన్న రెండంచులను మధ్యకు తెచ్చి కలిపి కుట్టి, అరిగిపోయిన వైపును అంచులకు పంపి మడత వేస్తుంది. అలా చేస్తే దుప్పటి ఇంకో రెండేళ్ళు బతుకుతుంది. మామూలుగా ఆ పని చేస్తూ పాడుకునేది. ఆరోజు పెదవి కదపలేదు.

ఇస్త్రీ చేసే పెద్దాయన ఆమెకు ఎదురుగా బల్ల దగ్గర నిలబడతాడు. ఇద్దరిదీ పద్దెనిమిదేళ్ళ పరిచయం. ఆయన ఏం చెప్పినా ఊరికి వినబడేలా చెబుతాడు. దిండు గలేబులు ఎన్ని ఉన్నాయని ఆరోజు కూడా అలాగే అరిచాడు. పాటలమ్మ కుట్టుమిషన్ ఆపి, ఎందుకయ్యా నా మీద అరుస్తావు అని అడిగింది. గోడ అవతలి మిషన్ల చప్పుడుకు అలవాటుపడి అలా మాట్లాడతాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

పెద్దాయన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి ఆమె వైపు విచిత్రంగా చూశాడు. "మెల్లగా చెబితే నువ్వు వినిపించుకోవు గదమ్మా. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతావు. రెండేళ్ళు దాటింది."

"మరి చెప్పలేదేం?"

"నీకు తెలీదని నాకేం తెలుసు?" అని ఆయన మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

పాటలమ్మ ఆ రోజు ఇరవై రెండు దుప్పట్లే కుట్టింది. మిగిలినవి మడిచి పక్కన పెట్టి, నాలుగు కొట్టగానే చేతిసంచి అందుకుని తిన్నగా వీధి చివర కొట్టుకు వెళ్ళింది.

మైకాయన కింద కూర్చుని ఫాను మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. ఒళ్ళో చెక్క అచ్చు, పక్కన తీగ ఉండ, పెదాలు లెక్కపెడుతున్నాయి. ఆమెను చూసి లేవబోయాడు. ఆమె వద్దని సైగ చేసి స్టూలు మీద కూర్చుంది. వచ్చిన పని నాన్చడం ఆమెకు రాదు. నాలుగో మీట మీద టేపు చూశానని చెప్పింది.

ఆయన నీళ్ళు నమిలాడు. వైరు తెగిందనీ, కొత్తది రావాల్సి ఉందనీ ఏదో మొదలుపెట్టి, ఆమె కళ్ళలోకి చూసి మధ్యలోనే ఆపేశాడు. కాసేపు చేతిలోని అచ్చును ఇటూ అటూ తిప్పి, చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. క్వయర్లో కొందరు పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్ళారట. పాటలమ్మకు శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఇక విశ్రాంతి తీసుకోమందామన్నారట. అది విని తన ప్రాణం ఒప్పక తనే అడ్డం పడ్డాడట.

"అక్కను దించొద్దు, అక్కడే నిలబడనివ్వండి, మైకు కట్టేస్తే సరిపోతుంది కదా అన్నాను. నాకు తోచిన మంచి అదేనక్కా."

అందరికీ తెలుసా అని ఆమె అడిగింది. దాదాపు అందరికీ అని ఆయన నేలకేసి చెప్పాడు. అడగటానికి వెళ్ళినవాళ్ళెవరని ఆమె అడిగింది. తీగ అందుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. నలభై ఒకటి, నలభై రెండు.

"మా మేనకోడలేనా?"

ఆయన చెయ్యి ఆగింది. లెక్క తప్పింది. చుట్టిందంతా విప్పి మొదటి నుంచి మొదలుపెట్టాడు. పాటలమ్మకు జవాబు అందింది.

తను ఎలా పాడుతోందో వినాలని ఆమె అడిగింది. ఆయన వద్దన్నాడు. ఆమె స్టూలు మీంచి కదల్లేదు. చివరికి ఆయన లోపలికి వెళ్ళి, టేపు అంటించక ముందు ఒక ఆదివారం రికార్డు చేసింది వెతికి, పెద్ద చెవి డిప్పలు తెచ్చి ఆమె తలకు తగిలించి, చప్పుడు బాగా పెంచాడు. చాలా కాలం తరువాత లోకం ఆమె చెవుల్లోకి అంత దగ్గరగా వచ్చింది. ఎవరో దగ్గారు. బెంచీ కిర్రుమంది. కీబోర్డు మొదలైంది. మేనకోడలి గొంతు తేటగా లేచింది, ఆ గొంతు తను చెక్కిందే కాబట్టి పాటలమ్మకు ఆ స్థితిలోనూ ముచ్చటేసింది. దాని కింద ఇంకో గొంతు ఉంది. ఎవరో ముసలావిడ. పల్లవిలో ఎలాగో పట్టుకుని వేలాడింది గానీ చరణానికి వచ్చేసరికి మెల్లగా కిందికి జారింది, జారానన్న సంగతి తెలియక ధైర్యంగా ముందుకు పోయింది. ఎవరీవిడ, ఎవరూ చెప్పరేం అనుకుంది పాటలమ్మ. ఒక దీర్ఘం దగ్గర ఊపిరి తీసుకున్న తీరు విన్నాక గుర్తుపట్టింది.

పాట పూర్తయ్యేదాకా ఉండి డిప్పలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చరణంలో దిగిపోతోంది" అంది. ఇంకెవరి గురించో అడిగితే చెప్పినట్టే చెప్పింది. "సగం మెట్టు కాదు, ఇంకా ఎక్కువే. ఇలాంటి గొంతును నేనైనా ముందు పెట్టను."

మైకాయన ఇంకేదో అనబోయాడు. ఆమె డిప్పల తీగను పద్ధతిగా చుట్టి, ఆయన చేతికిచ్చి లేచింది.

•

పాటలమ్మ ఉండేది ఒక మేడ పైన, వరసగా ఉన్న ఆరు గదుల్లో చివరిదాంట్లో. దీపాలు పెట్టే వేళకు స్టవ్వు మీద ఏదో ఒకటి పడేసి, కిటికీ దగ్గర నిలబడి మూడు పాటలు పాడటం ఆమె లెక్క. జ్వరమొచ్చినా, ఒంటరిగా అనిపించినా, ఎవరైనా పోయి ఏడుపొచ్చినా ఆ మూడూ తప్పలేదు. ఆ సాయంత్రం కిటికీ మూసేసింది. మొదటి పాట పల్లవి గొంతు దాకా వచ్చింది. డిప్పల్లో విన్న ఆ ముసలావిడ ముందు నిలబడి అడ్డమొచ్చింది. నోరు మూసుకుంది.

ప్రార్థన అయినా చేసుకుందామని మోకరించింది. మాటలు రాలేదు. ఆమెకు దేవుడితో పాటలోనే పరిచయం. సంతోషమైతే ఒక కీర్తన, కష్టమైతే ఒక కీర్తన, కోపమైతే దానికీ ఒకటుంది. మామూలు మాటల్లో ఆయన్ను పలకరించడం ఎలాగో ఎప్పుడూ నేర్చుకోలేదు. మోకాళ్ళు నొప్పిపుట్టేదాకా అలా ఉండి లేచింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో తను ఒక్కతే ఉన్నట్టు ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు, ఆ సాయంత్రం అనిపించింది. పక్క గదుల్లో ఎవరో నవ్వుతున్నారు, ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఈరోజు పాట వినబడలేదేమని తలుపు తట్టినవాళ్ళు లేరు.

శనివారం మధ్యాహ్నం మేనకోడలి ఇంటికి వెళ్ళింది. మేనకోడలు బడిలో పంతులమ్మ. బల్ల మీద పిల్లల పుస్తకాలు గుట్టగా పోసుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. అత్తను చూడగానే కుర్చీ లాగింది, మంచినీళ్ళు తెచ్చింది, ముఖం చూసి పెన్ను మూత పెట్టేసింది. మైకాయన ముందే చెవిన వేసినట్టున్నాడు.

పాటలమ్మ దారి పొడుగునా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. నీ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది నేనే అని, నీకు గొంతు వాచినప్పుడు వేడినీళ్ళు కాచి పుక్కిలి పట్టించింది నేనే అని, కడిగి పారేద్దామనుకుంది. ఆ పిల్ల కళ్ళు అప్పటికే నిండి ఉండటం చూసి అవన్నీ మింగేసింది.

"చెప్పొచ్చు గదే నాకు" అంది.

"ఎన్నిసార్లు మొదలుపెట్టానో అత్తా. చెబితే నువ్వు ఆ క్షణమే దిగిపోతావు. దిగిపోతే నీకింకేముంది?"

పుండు మీద కారం చల్లినట్టయింది. కోపంతో అన్నా బాగుండేది, ఆ పిల్ల జాలితో అంది. దేవుడికి మొత్తం ఇచ్చేశానని పాటలమ్మ అనుకుంటుంటే, జనం మాత్రం ఆవిడకు ఇంకేమీ లేదు పాపం అనుకుంటున్నారన్నమాట. రెండూ ఒకే సంగతి కావచ్చునని ఆమెకు ఇప్పటిదాకా తట్టలేదు.

శాలువా కప్పినా బాగుండేది, మూగ మైకు ముందు ఏడాది నిలబెట్టి నవ్వులపాలు చేశారని ఆమె అంది. ఎవరూ నవ్వలేదని మేనకోడలు ఒట్టేసింది. కళ్ళు తుడుచుకుని, ఎన్నాళ్ళ నుంచో లోపల ఉన్నది బయటికి తీసింది.

"ఇదంతా నీ దగ్గర నేర్చుకున్నదే అత్తా. దేవుడికిచ్చేది వంకరగా ఇవ్వకూడదని నువ్వేగా అనేదానివి. ఆదివారం బడిలో శృతి రాని పిల్లల్ని వెనక వరసలో పెట్టి, గొంతు తీయకండి, పెదాలు కదిపితే చాలు అనేదానివి. మేం తక్కువేం చేశాం, ఎక్కువేం చేశాం?"

పాటలమ్మ అలా అన్న మాట నిజమే. పిల్లల్ని బాధపెట్టాలని అనలేదు, కొట్టలేదు, తిట్టలేదు, నవ్వుతూనే చెప్పేది. పాట చెడకూడదన్నదే ఆమె ధ్యాస. అలా ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. కుర్చీలో కూర్చుని వాళ్ళ ముఖాలు గుర్తుతెచ్చుకుందామని చూసింది. బాగా పాడిన పిల్లలు ఒకరి తరువాత ఒకరు కళ్ళముందు నిలిచారు, ఏ పాటలో ఎవరు ఎంత పై మెట్టు అందుకున్నారో కూడా గుర్తుంది. వెనక వరసలోని పిల్లలు ఒక్కరూ రాలేదు.

మేనకోడలు ఆమె చేతులు పట్టుకుంది. రేపు ఏమైనా సరే నాలుగో మైకు తెరిపిస్తాననీ, ఎవరేమన్నా తను చూసుకుంటాననీ చెప్పింది. పాటలమ్మ చేతులు విడిపించుకుని, చెల్లాచెదురైన పుస్తకాలను ఒక్కటొక్కటిగా సర్ది గుట్ట పెట్టింది.

"వద్దు" అంది. "నా చెవికి తెలిసిపోయింది. తెలిసి పాడలేను."

రేపు అసలు వస్తావా అని ఆ పిల్ల భయంగా అడిగింది. పాటలమ్మకు తనకే తెలియదు. మెట్ల దాకా సాగనంపుతానన్నా వద్దని ఒక్కతే దిగిపోయింది.

•

ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకోవాలా వద్దా అన్న దగ్గర ఆమెకు అరగంట పట్టింది. తెల్లచీర వేదిక మీద నిలబడేవాళ్ళు కట్టేది. చివరికి ఆసుపత్రికి కట్టుకునే బూడిదరంగు చీరే కట్టుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి చర్చికి ఆలస్యంగా వెళ్ళింది. గుమ్మం దగ్గర చెప్పులు వదిలి లోపలికి వచ్చాక ఎటు వెళ్ళాలో తెలియలేదు. ముందుకు వెళ్ళే దారి తప్ప ఆ చర్చిలో ఆమె కాళ్ళకు వేరే దారి అలవాటు లేదు. ఏ బెంచీలో ఎవరు కూర్చుంటారో, ఏది ఖాళీగా ఉంటుందో కూడా తెలియదు. ఒకరిద్దరు చూసి ముఖాలు తిప్పుకున్నారు. వేదిక మీద మూడో మైకు దగ్గర నుంచి మేనకోడలు కళ్ళతోనే పిలిచింది. పాటలమ్మ తల అడ్డంగా ఊపి చివరి బెంచీలో కూర్చుంది.

ఆ బెంచీలో అప్పటికే ఒకావిడ ఉంది. నలభై దాటి ఉంటాయి. ఏదో పెద్ద కొట్టుకు కాపలా ఉద్యోగం కాబోలు, నీలం చొక్కా, భుజం మీద పట్టీ, ఒళ్ళో టోపీ. ఆమె గబగబా జరిగి చోటిచ్చి, మీరు ఇక్కడ కూర్చున్నారేమిటండీ అని అడిగింది. ఒంట్లో బాగాలేదని పాటలమ్మ చెప్పింది. పని నుంచి తిన్నగా వచ్చాననీ, అందుకే గుమ్మం దగ్గర కూర్చుంటాననీ ఆమె కూడా ఏదో సంజాయిషీ ఇచ్చుకుంది.

కీబోర్డు మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. పాటలమ్మ అలవాటు చొప్పున కళ్ళు మూసుకుంది. ఆమె ఎప్పుడూ కళ్ళు మూసుకునే పాడేది, దేవుడికీ తనకూ మధ్య ఇంకెవరూ కనబడకూడదని. పాడేది ఎలాగూ లేదు కదా, ఇక మూసుకోవటం ఎందుకని మళ్ళీ తెరిచింది.

చర్చి నిండా పాట మోగుతోంది. స్పీకర్లలోంచి, గోడల్లోంచి, కాళ్ళ కింద నేలలోంచి వస్తోంది. మనుషుల్లోంచి మాత్రం రావటం లేదు. పాటలమ్మ వరసలు వరసలుగా చూసింది. ఒకాయన చేతులు కట్టుకుని వేదికకేసి చూస్తున్నాడు. ఒకావిడ పిల్లవాడి చొక్కా గుండీలు పెడుతోంది. చాలామంది నోళ్ళు మూసే ఉన్నాయి. ఎదుట ఆరుగురు అంత చక్కగా, అంత పెద్దగా పాడుతుంటే ఇంక వీళ్ళ అవసరం ఎక్కడుంది? ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందో ఆమెకు తెలియదు. ఇంతమంది ఎదురుగా నలభై మూడేళ్ళు నిలబడింది, ఒక్కసారీ వీళ్ళను చూడలేదు.

పక్కనున్న కాపలా ఆవిడ పెదాలు కదులుతున్నాయి. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, ఒక్క మాట తప్పకుండా కదులుతున్నాయి. పాటలమ్మకు ఆ గొంతు వినబడలేదు. తన చెవుల పాపమే అనుకుని మెల్లగా పక్కకు ఒరిగి, ఆమె భుజానికి చెవి ఆనేంత దగ్గరగా వచ్చింది. చెవికి ఊపిరి తగిలింది. గొంతు లేదు.

"గొంతు తీయవేమ్మా?" అని అడిగింది.

ఆవిడ సిగ్గుపడి నవ్వి, ఆమె చెవి దగ్గరకు వంగింది. "నాకు పాడటం రాదండీ. చిన్నప్పుడే చెప్పారు."

"ఎవరు?"

కాపలా ఆవిడ టోపీని అటూ ఇటూ తిప్పింది. చెప్పడానికి మొహమాటపడింది గానీ అందులో నిష్ఠూరం ఏమీ లేదు. "మీరేనండీ. వెనక వరసలో ఉండేదాన్ని, మీకు గుర్తుండదు. నేనేమీ అనుకోలేదండీ. దేవుడికి ఇబ్బంది లేకుండా ఉండాలి కదా."

వేదిక మీద రెండో చరణం మొదలైంది. పాటలమ్మ ఆ ముఖంకేసి చూస్తూ నిలబడింది. ముప్ఫై ఏళ్ళకు పైగా, ఆదివారం తరువాత ఆదివారం, పని చేసి అలిసిన కళ్ళతో వచ్చి ఇక్కడ నిలబడి, ఒక్క మాట మరిచిపోకుండా, ఒక్కసారీ బయటికి అనకుండా ఈ మనిషి పెదాలు కదుపుతోంది. తను ఏడాదికే ఓర్చుకోలేకపోయింది. గొంతు దేవుడికిచ్చానని తను గర్వపడుతున్న ఏళ్ళన్నీ ఆయన దగ్గరకు వెళ్ళాల్సిన గొంతులు ఎన్నిటిని ఇలా ఆపేసిందో. క్షమించమని అడగాలనుకుంది, అంత మాటకు ఆ మనిషి ఇంకా ముడుచుకుపోతుందనిపించింది.

"ఇప్పుడు నాకూ రాదమ్మా" అంది. "వచ్చింది కాస్తా పోయింది. ఇద్దరం ఒకటే. పాడు."

కాపలా ఆవిడ కంగారుగా చుట్టూ చూసింది. ఆమె పాడదని తెలిసి పాటలమ్మే ముందు ఎత్తుకుంది. మెల్లగా కాదు, గొంతు విప్పి ఎత్తుకుంది. మొదటి పాదం సగంలోనే జారింది. జారుతోందని తెలుస్తూనే ఉంది, తెలిసి పాడలేనని నిన్ననే ఎంతో పౌరుషంగా చెప్పింది కూడా. కళ్ళు తెరుచుకునే, పక్క మనిషి పెదాల మీద చూపు నిలిపి పాడింది. ముందు బెంచీల్లో తలలు తిరిగాయి. ఆదివారం బడి పిల్లలెవరో కిసుక్కుమన్నారు. మైకాయన తన పెట్టె వెనక నుంచి సగం లేచి, ఏ మీట తగ్గించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

రెండో చరణం అయిపోయింది. ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. పల్లవి తిరిగి వచ్చింది, పాటలమ్మ ఒక్కతే పాడింది. మూడో చరణం రెండో పాదంలో పక్కనుంచి ఏదో గరగరమంది. గొంతు సవరించుకున్నట్టు వచ్చి ఆగింది, మళ్ళీ వచ్చింది. మోటు గొంతు. శృతికి ఎక్కడా దగ్గరగా లేదు. ఒక మాట పైకి, ఒక మాట కిందికి, రోడ్డు మీద ఎవరినో పిలుస్తున్నట్టుంది. దిద్దడానికి పాటలమ్మ చెయ్యి అలవాటుగా లేవబోయింది. ఆ చెయ్యిని ఆమె ముందు బెంచీ వీపు మీద పెట్టి గట్టిగా పట్టుకుంది.

చివరి పల్లవి వచ్చింది. ఇద్దరూ పాడారు.